సామకొత్తకు దొరికిన కళ్ళం

డ్యాము ఒడ్డున మా గుండ్రటి గచ్చును జేసీబీ పెళ్ళగిస్తున్న వీడియో మనవరాలు ఫోనులో చూపించి, అక్కడ రిసార్టు కడతారట అమ్మమ్మా అని సంబరపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఈడు వాళ్ళు మీరైనా వినండి.

అరకు దాటాక కొండల నడుమ ఆ డ్యాము కట్టినప్పుడు మా ఊరూ, ఊరందరం పంట నూర్చుకునే గుండ్రటి కళ్ళమూ నీళ్ళలో కలిసిపోయాయి. మమ్మల్ని మిట్ట మీద రేకుల ఇళ్ళలో పెట్టి, ఒడ్డున ఇంజనీర్ల కోసం కాంక్రీటు భవనాలు లేపారు. బల్లపరుపు కప్పులు, గోడంత అద్దాలు, నీళ్ళకెదురుగా ఆ గుండ్రటి గచ్చు. దాని మీద కుర్చీలేసుకుని సాయంత్రాలు టీ తాగడానికట!

ఆ ఏడు మిట్ట మీద సామలు బాగానే పండాయి. కానీ ఊరి కళ్ళంలో సామకొత్త పండగ చేసి దేవతకు పెట్టందే మా వాళ్ళు కొత్త గింజ నోట పెట్టరు. కళ్ళమేమో నీళ్ళడుగున ఉంది. పాత గింజలు నిండుకున్నాయి. ఇంట్లో కొత్త సామలుండగానే అడవి దుంపలు ఉడకేసుకు తిని పడుకునేవాళ్ళం, తమ్ముడు ఆకలికి ఏడ్చేవాడు. పెద్దలు కూర్చుని వాదించుకోవడమే తప్ప దారి చెప్పిన వాళ్ళు లేరు.

ఒకనాడు మా నాయనమ్మ పుల్లలేరుకుంటూ ఒడ్డుకు వెళ్ళి, ఆ గచ్చును చూసి మొహం వెలిగిపోయి, టీ తాగుతున్న పెద్ద ఆఫీసరు దగ్గరకు తిన్నగా నడిచింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

"మా కళ్ళం ములిగిపోనాదని ఇది కట్టినారు గావాల బాబూ?"

ఆయన నీళ్ళ వైపు చూసి, టీ కప్పు కింద పెట్టి లేచాడు.

"అవునమ్మా, మీకోసమే."

తన కుర్చీ తనే తీసి పక్కన పెట్టాడు. మర్నాడు ఊరంతా అక్కడ చేరాం, దేవతకు పెట్టాం, చీకటి పడేదాకా థింసా ఆడాం. ఆ పూట తిన్న సామన్నం రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది. తర్వాత ఆఫీసర్లు మారారు, కప్పులు కారాయి, అద్దాలు పగిలాయి, భవనాలకు తాళాలు పడ్డాయి. ఏటా మా పండగ మాత్రం అక్కడే జరిగింది.

ఊరు ముంచిన వాళ్ళు కళ్ళం కట్టిస్తారా? ఆయన చెప్పింది అబద్ధమని పెద్దయ్యాక తెలిసొచ్చింది. డ్యాము మీద నా కోపం చావలేదు కానీ, ఆ అబద్ధం మీద ఏనాడూ కోపం రాలేదు.

ఈ ఏడు సామలు ఇంటికి వచ్చేశాయి. కుక్కర్లో పడేస్తే బేగి ఉడుకుతాయి కదా అంటోంది మనవరాలు. ఆ గుంటపిల్లకేం తెలుసు? మూట నేనింకా విప్పలేదు.