ఉత్తినే తిరిగిన బ్రష్

ఆ ఇంట్లో ఏ పళ్ల బ్రష్‌కూ అంత తేలిగ్గా విముక్తి దొరికేది కాదు. నోటి ఉద్యోగం అయిపోయాక తలకు రంగు వేసేది. అక్కడా అరిగిపోతే దువ్వెన సందుల్లో మురికి తీసేది. కుచ్చు మొత్తం ఊడాక, పిడి చివర కంతలో బొందు దూర్చి పైజామాకు ఎక్కించడానికి పనికొచ్చేది. అలాంటి సంసారంలో నిలబడి కూతురు, "మనం భూమిని ప్లాస్టిక్‌తో నింపేస్తున్నామమ్మా" అంది.

అని ఊరుకోలేదు. పర్యావరణానికి మేలు చేసే కరెంటు బ్రష్ ఒకటి పట్టుకొచ్చింది. ఇంటిల్లిపాదికీ పిడి ఒక్కటే. పైన తగిలించుకునే కుచ్చులు మాత్రం ఎవరివి వాళ్లవి. అరిగిపోయిన కుచ్చును పాతిపెడితే మట్టిలో కలిసిపోతుందట.

"మనుషుల్లాగే అన్నమాట" అన్నాడు తండ్రి.

ఆయన బస్టాండులో అనౌన్సరు. ఊరంతా మైకాయన అంటారు. గంభీరమైన గొంతు. ఇంట్లోనూ దాన్ని దాచుకునేవాడు కాదు. "దయచేసి వినండి. వంటింటి నుంచి రావలసిన కాఫీ ఆలస్యంగా నడుస్తున్నది" అని హాల్లోంచి ప్రకటించేవాడు. "ఆ సర్వీసు ఇవాళ రద్దయింది, కూర్చోండి" అని భార్య లోపలినుంచే జవాబిచ్చేది.

భార్యది బట్టల ఫ్యాక్టరీ. కుట్టు లైనుకు సూపర్‌వైజరు. అమ్మాయిలు మిషనక్క అంటారు.

"పాడుబడ్డ కొంపలాంటి నోరు నాది. దీనికి కరెంటు కనెక్షనెందుకమ్మా?" అని మైకాయన కూతుర్ని బతిమాలాడు. "పాత బ్రష్షులన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను నాన్నా, నీకింక దారి లేదు" అంది కూతురు. ఆయన ముఖం ఎందుకంత పాలిపోయిందో ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు. కొత్త వస్తువంటే ఆయనకు మొదట్నుంచీ పడదనుకున్నారు.

ఆ బ్రష్ మహా క్రమశిక్షణ గలది. నోటిని నాలుగు వంతులుగా పంచుకుంటుంది. ఒక వంతు పూర్తవగానే వెక్కిళ్లు వచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, పక్కకు జరగమంటుంది. నాలుగూ అయితే తనే ఆగిపోతుంది. పిడి ఒక్కటే కాబట్టి పొద్దున్నే బాత్‌రూమ్ ముందు క్యూ తప్పేది కాదు. మిషనక్క తన కుచ్చు చేత్తో పట్టుకుని తలుపు బయట నిలబడేది.

నిలబడితే చెవి ఊరుకుంటుందా? లైను వైపు వీపు పెట్టి నిలబడ్డా సరే, ఏ మిషన్ కింద బట్ట ఉందో, ఏది ఉత్తినే తిరుగుతోందో చెప్పగలిగిన చెవి అది. బట్టలో దిగే సూదికి బరువైన చప్పుడుంటుంది. ఉత్త మిషన్‌ది పల్చటి ఏడుపు. పని ఎగ్గొట్టాలనుకునే పిల్లలు ఊరికే పెడల్ తొక్కుతుంటే ఈవిడ వెనక్కి తిరక్కుండానే, "ఎవరే అక్కడ గాలికి కుట్లు వేస్తున్నది?" అనేది.

ఒక పొద్దున మైకాయన లోపలుండగా మూడు వంతులూ నోట్లో మునిగినట్టు బరువుగా వినిపించాయి. నాలుగో వంతుకు ఆ పల్చటి ఏడుపు మొదలైంది. మర్నాడూ అంతే. మూడో నాడు గడియ సరిగ్గా పడని ఆ తలుపును ఒక్క తోపు తోసింది. మైకాయన కళ్లు మూసుకుని, తిరుగుతున్న బ్రష్‌ను ఎడమ చెంప పక్కన గాలిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది దానంతటది ఎప్పుడాగుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

"ఏమండోయ్! బట్ట లేకుండా మిషన్ తిప్పుతున్నారా? ఇంత బద్ధకమా!"

నవ్వి నవ్వి ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురూ వచ్చి నవ్వింది. మైకాయన కూడా నవ్వాడు. కాకపోతే పెదవులు పూర్తిగా విప్పలేదు.

వారమంతా అదే జోకు. మిషనక్క దాన్ని ఫ్యాక్టరీకీ మోసుకెళ్లింది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్న చోట, స్పూనును చెంప పక్కన పట్టుకుని కళ్లు మూసుకుని మొగుడిలా నటించి చూపించింది. అందరూ పగలబడి నవ్వారు, కత్తెర పిన్ని తప్ప. ఆవిడ పని కుట్టిన బట్టల మీద దారాలు కత్తిరించడం.

"ఇదివరకు ఇలాగే ఒక పిల్ల మిషన్ ఉత్తినే తిప్పిందే" అంది కత్తెర పిన్ని. "నువ్వు తిట్టావు కూడా. తీరా చూస్తే వేల్లో సూది దిగుంది. పనిలోంచి తీసేస్తారని భయపడి చెయ్యి బట్టకింద దాచేసింది, పిచ్చిది."

మిషనక్క స్పూను కింద పెట్టింది. ఆయన బ్రెడ్డు కాఫీలో నానబెట్టుకు తినడం, కుడివైపే నమలడం, పడుకునేటప్పుడు గోడవైపు తిరిగిపోవడం, అన్నీ ఒక్కసారి కళ్లముందు వరస కట్టాయి. డబ్బా మూత కూడా పెట్టకుండా బస్టాండుకు బయల్దేరింది.

అద్దాల గదిలో మైకాయన మైకు స్విచ్ వేసి, "దయచేసి వినండి" వరకూ అన్నాడు. తలుపు తోసుకుని భార్య వచ్చింది.

"నోరు తెరవండి."

"ఇదేమిటే, డ్యూటీలో ఉంటే..."

"తెరవండి ముందు. ఆ అనండి."

"ఆ..."

"ఇటు తిప్పండి, వెలుతురులోకి. అయ్యో, ఏమిటండీ ఇది?"

"పుండే. తగ్గిపోతుందిలే."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"పొగాకు మానేశానని నా తలమీద చెయ్యేసి చెప్పారు కదండీ!"

"అందుకేగా చెప్పలేదు."

స్విచ్ సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ప్లాట్‌ఫారాల మీద జనం సామాన్లు పట్టుకుని, తలలెత్తి స్పీకర్ల వైపే చూస్తున్నారు. ఒక డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. చివరికి బస్టాండు ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి వచ్చి, వాళ్ల మధ్యనుంచి చెయ్యి చాపి స్విచ్ ఆపింది. వెళ్లి మళ్లీ చీపురందుకుంది.

డాక్టరు మంచివాడే. ముందే ఎందుకు రాలేదని అడగలేదు. ఎడమ కింది దవడ, నాలుకలో కొంత తియ్యాలన్నాడు. మాట వస్తుందా అని కూతురు అడిగితే, "ముందు మనిషి దక్కాలి కదమ్మా" అన్నాడు.

"నేనా బ్రష్ తేకపోయుంటే..." అంటూ కూతురు ఆసుపత్రి మెట్లమీద ఏడ్చింది.

"నువ్వు తేబట్టే బయటపడిందే. వినిపించాక కూడా వారమంతా నవ్వింది నేను" అంది తల్లి.

ఆపరేషనుకు లోపలికి తోసుకెళ్లే ముందు మైకాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. "దయచేసి వినండి" అన్నాడు. తర్వాత ఏ సర్వీసు, ఎక్కడికి, ఏమీ తోచలేదేమో, ఆగిపోయాడు. ఆ గొంతుతో ఆమె విన్న ఆఖరి మాట అదే.

మనిషి దక్కాడు. బస్టాండులో ఇప్పుడు రికార్డు చేసిన గొంతు మాట్లాడుతోంది. అది తడబడదు, ఎవరినీ నవ్వించదు.

కుట్లు మానాక, ఒక పొద్దున మిషనక్క ఆయన్ని బాత్‌రూమ్‌లో స్టూలు మీద కూర్చోబెట్టి బ్రష్ చెయ్యడం మొదలుపెట్టింది. పైన రెండు వంతులు, కింద కుడివైపు ఒక వంతు. బ్రష్ వెక్కి, పక్కకు జరగమంది. జరగడానికి అక్కడ దవడే లేదు. ఆమె ఆపబోయింది.

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తిరుగుతున్న బ్రష్‌ను మెల్లగా తన ఎడమ చెంప పక్కకు, గాలిలోకి తెచ్చి కళ్లు మూసుకున్నాడు. మిగిలిన సగం నోటితో నవ్వుతున్నాడని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

గాలికి కుట్లు వేస్తే ఒక్క క్షణం ఓర్చుకోని మనిషి, ఆ పల్చటి ఏడుపు వింటూ చెయ్యి కదపకుండా నిలబడింది. కాసేపటికి అది తనే ఆగిపోయింది.