బేరింగు మీద నీళ్ల గ్లాసు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మా బావ పోయిన కబురు ఎమ్మిగనూరులో నా బట్టల అంగట్లో కూర్చుని విన్నాను. ఆదోని చేరేసరికి అంతా అయిపోయింది. ఇక రాసేం లాభం అనిపించింది. కానీ ఇంట్లో ఫ్యాను కటకటమన్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తున్నాడు.

బావ ఆదోనిలో ఒక నూనె మిల్లు ఫోర్‌మన్. ఆ మిల్లులో ఒక పెద్ద ఇరుసు ఎండాకాలం వస్తే వణికేది. (ఆదోని ఎండ గురించి చెప్పడం మొదలుపెడితే వానాకాలం వచ్చేస్తుంది, వదిలేద్దాం.) బేరింగులో ఇరుసు తిరిగేది ఇనుము మీద కాదు, పలచటి నూనె పొర మీద. వేడికి నూనె మరీ పలచనైతే ఇరుసుకు పట్టు తప్పుతుంది. ఇరుసుకూ బేరింగుకూ మధ్య సందు సవరించాలంటే మిల్లు ఆపి అంతా విప్పాలి. బావ కొత్త బేరింగును నాలుగు ముక్కలుగా చేయించి, ఒక్కో ముక్క వెనుక ఒక బోల్టు పెట్టించాడు. ఇరుసు తిరుగుతుండగానే సందు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

యజమాని సరేనన్నాడు గానీ, "ఇరుసు పట్టేసిందా, రేపట్నుంచి నువ్వు రావద్దప్పా" అన్నాడు.

అది విని మా అక్క, "ఉద్యోగం పోతే మళ్లా కోసిగికి పోయి కూలి చేయల్లనా?" అంది.

"పోదాంలే. నీ మొగుడు సేను దున్నేది గూడా సూద్దువు" అన్నాడు బావ.

కొత్త బేరింగు నడిపి చూసే రోజు మిల్లుకు అన్నం క్యారియర్ అక్కే తెచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను. బావ క్యారియర్ గ్లాసులో నీళ్లు పోసి బేరింగు నెత్తిన పెట్టాడు. వణుకు చూడ్డానికి ఆయనకదే పరికరం. ఇరుసు తిరిగింది, నీళ్లు చిందాయి. ఒక బోల్టు బిగించి, చెయ్యి ఆనించి, "కాలుతాంది" అని వెనక్కి తిప్పాడు. నీళ్లు ఇంకా చిందాయి.

"ఇంక ఆపప్పా" అన్నాడు యజమాని.

"ఉండన్నా" అని బావ ఎదుటి బోల్టును రవ్వంత తిప్పాడు. నీళ్లు నిలబడ్డాయి. అక్క పోయి ఆ గ్లాసు తీసుకుని గటగటా తాగేసింది. పొద్దున్నుంచీ గొంతు తడారిపోయిందట.

"బిగిస్తే కాలుతాది, వదిలితే ఆడుతాది. నడుమ నూనె ఉండల్ల" అనేవాడు బావ. నాకూ మా ఆవిడకూ మాటల్లేనప్పుడూ అదే చెప్పేవాడు. ఆ నూనె ఏ అంగట్లో దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

చివరి ఏడాది ఆయన చెయ్యి వణికేది. నేను ఆఖరుసారి వెళ్లినప్పుడు అదే గ్లాసుతో నీళ్లు తాగబోతే చొక్కా మీద చిందాయి. నేను గ్లాసు పట్టుకోబోయాను. అక్క వద్దని తలూపి, అడుగున రెండు వేళ్లు ఆనించింది, అంతే. నీళ్లు నిలబడ్డాయి. బావ తాగి గ్లాసు ఇచ్చాడు. అక్క దాన్ని కడిగి బోర్లించింది.