పన్నునొప్పితో చెప్పిన సినిమా రివ్యూ

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ రోజు నా నోరు రెండు రకాలుగా చెడిపోయి ఉంది. లోపల దవడపన్ను పుచ్చింది, బయట మాట పుచ్చింది. రెండూ కలిసి నన్ను చావు గుమ్మం దాకా ఎలా ఈడ్చుకెళ్లాయో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం పర్లేదు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

పెళ్లికాని రోజులవి. సినిమాల్నీ టీవీ హాస్య కార్యక్రమాల్నీ చీల్చి చెండాడటంలో గాజువాక మొత్తంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఎదుటివాళ్లు ఒక్కసారి నవ్వారా, ఇక బ్రేకుల్లేని లారీనే. అలాంటి నాకు ఓ ఉదయం బుగ్గ బూరెలా పొంగింది. మా అక్క మొగుడు సింహాచలం నన్ను పళ్ల డాక్టరు దగ్గరకి లాక్కెళ్లాడు.

హాలు నిండా జనం. గోడ మీద టీవీలో ఏదో సినిమా. గుబురు గడ్డం, నల్లకళ్లద్దాల హీరో పరిగెడుతున్నాడు.

"ఈడేటి బావా, పరిగెడతన్నాడా, సిమెంటు బస్తా దొర్లతన్నాదా?" అన్నాను బుగ్గ పట్టుకుని.

హాల్లో నలుగురు నవ్వారు. నాకంతే చాలు.

"ఇది కామెడీ సీనంట! నా పన్నుకన్నా ఇదే ఎక్కువ నొప్పెడతంది!"

రిసెప్షన్ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపి, పెదవుల మీద వేలు పెట్టింది. పాపం, నవ్వాపుకోలేక అవస్థ పడుతోందనుకున్నాను.

"ఈ సినిమా తీసినోడికి మత్తియ్యకుండా పళ్లన్నీ పీకీయాల!" అని ముగించాను. హాలు ఘొల్లుమంది.

అప్పుడే నన్ను లోపలికి పిలిచారు. కుర్చీలో పడుకుని తలెత్తితే ఎదురుగా గోడ మీద పెద్ద పోస్టరు. అదే గడ్డం, అవే కళ్లద్దాలు. కింద అక్షరాలు: కథ, దర్శకత్వం, నిర్మాణం, హీరో... డాక్టరు గారి పేరు! గడ్డం తీసేసిన ఆ హీరోయే చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటూ నా మీదకి వంగాడు. నా కాళ్లు కుర్చీలోనే పరుగు మొదలుపెట్టాయి.

"బయట ఒకటే నవ్వులు. ఏటంటన్నారు?"

"పన్ను గురించేనండీ!"

"మా తలుపు బాగా పల్చనండి," అన్నాడాయన నెమ్మదిగా. "ఇంతకీ మత్తియ్యమంటారా, వద్దా?"

"ఇయ్యండి బాబూ, మీ కాళ్లట్టుకుంటాను!"

ఆయన మాస్కు తగిలించుకున్నాడు. పోర్టులో క్రేను దిగినట్టు సూది దిగింది. కాసేపటికి నాలుక తడిసిన గోనెసంచి అయింది.

"ఇప్పుడు సెప్పండి. సినిమా ఎలాగుంది?"

"ఆవుం... ఆఆ ఆవుం!" అన్నాను. బాగుంది, చాలా బాగుంది అని నా ప్రాణం ఘోషిస్తోంది.

అర్థంకాక ఆయన సింహాచలాన్ని పిలిచాడు. "మీ బావమరిది ఏటంటన్నారండీ?"

"సెత్తంటన్నాడండీ," అన్నాడు మా బావ, ఏ మొహమాటమూ లేకుండా. "ఇందాకట్నుంచీ అదే మాట."

కాదు కాదని తల అడ్డంగా ఊపాను.

"సూడండి, బుర్ర కూడా ఊపుతన్నాడు. అస్సలు బాలేదంట!"

మాస్కు పైన డాక్టరు కళ్లు మెరిశాయి. పట్టకారు లేచింది. సింహాద్రి అప్పన్నా, ఈ గండం గట్టెక్కిస్తే కొండకి నడిచొచ్చి గుండు కొట్టించుకుంటాను స్వామీ అని కళ్లు మూసుకున్నాను. ఠంగుమని చప్పుడైంది.

"అయిపోయింది," అన్నాడాయన.

కళ్లు తెరిస్తే పళ్లెంలో నా పన్ను! పీకినట్టే తెలియలేదు.

డాక్టరు మాస్కు తీసి, పడీ పడీ నవ్వాడు. "నా సినిమాకొచ్చినోళ్లందరూ నిద్రోయారండీ. దాని గురించి ఇంత టెన్షన్ పడి, ఒంటి మీద స్పృహ లేకుండా కూర్చున్నది మీరొక్కరే! పక్కపన్ను కూడా పుచ్చింది, వచ్చేవారం రండి. రెండో భాగం తీశాను. ఇంకా ఎవరూ సూళ్లేదు."

వెళ్లాను. వెళ్లక చస్తానా? నోట్లో దూది కుక్కి, దవడకి క్లిప్పు పెట్టి, ఎదురుగా టీవీ పెట్టారు. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా సినిమా అంతా నోరు తెరుచుకునే చూశాను. కళ్లలో నీళ్లు కారిపోతుంటే డాక్టరు నా భుజం తట్టి, "సెంటిమెంటు బాగా పండింది కదండీ!" అన్నాడు.

అది కామెడీ సీను.

అందుకే ఈ పుచ్చిన నోటితోనే శపథం చేశాను: హీరో చేస్తున్న ఉద్యోగమేమిటో వాకబు చెయ్యకుండా, ఈ జన్మలో మళ్లీ ఏ సినిమా గురించీ నోరు తెరవను.