వాగు దాటిన కబురు

లాల్ అహ్మద్ నోరు ఊరుకునే రకం కాదు. గద్వాలలో పట్టు నూలు తీసుకుని పల్లెల్లోని మగ్గాలకు చేర్చడం, నేసిన చీరలు తిరిగి తేవడం అతని పని. వెళ్ళిన ప్రతి ఇంట్లో కూర్చుని ముచ్చట పెట్టడం అంతకన్నా పెద్ద పని. అందుకే వరదల్లో పనికొచ్చే ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఊరివాళ్ళ ఫోన్లలో వేయించే బాధ్యత వరద సాయం చేసే సంస్థ వాలంటీర్లు అతని నెత్తిన పెట్టారు.

"టవర్ పోయినా ఫికర్ లేదు. మనం అడిగింది మూటగట్టుకొని ఈ ఫోన్ల నుంచి పక్క ఫోన్లకు దుంకుతది. ఎవలకు చేరాల్నో వాళ్ళను అడిగి జవాబు తెస్తది" అని మగ్గం మగ్గానికీ తిరిగి చెప్పాడు.

"నీ లెక్కనే గదన్నా" అంది చీరలు నేసే యమున. "కాకపోతే గది చాయ్ అడగదు."

ఆ ఏడు వానలకు వాగు పొంగింది. లాల్ అహ్మద్ ఇవతల చిక్కుకుపోయాడు. అవతల, అతని ఇంట్లో, పురిటికొచ్చిన కూతురు మిస్బాకు నొప్పులు మొదలయ్యాయని భార్య మజీదా ఫోన్ చేసింది. మాట పూర్తికాకుండానే టవర్ పోయింది. లాల్ అహ్మద్ "మిస్బా ఎట్లుంది?" అన్న ప్రశ్నను ఫోన్‌కు అప్పగించి గట్టుకు పరుగెత్తాడు.

వాగు వచ్చిందంటే చూసి రానిదే మనవాళ్ళకు ముద్ద దిగదు. పిల్లల్ని చంకనేసుకుని, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తూ ఆ గట్టున ఓ ఊరు, ఈ గట్టున ఓ ఊరు. కానిస్టేబుల్ రాఘవేందర్ లాఠీ ఊపుతూ అందర్నీ ఇళ్ళకు తరుముతున్నాడు.

"తరమకు సార్" అంటూ లాల్ అహ్మద్ అడ్డుపడ్డాడు. "వీళ్ళ ఫోన్లు పోతే నేనడిగింది వాగు దాటనీకి తొవ్వ లేదు. నా బిడ్డ కాన్పుల ఉంది. జర ఉండనియ్యి."

రాఘవేందర్ అతని మొహం చూసి లాఠీ దించాడు. గట్టుకు ఎడంగా తాడు కట్టించి, "దీని ఎనక కూసోండ్రి. ఫోన్లు మాత్రం బంద్ పెట్టకుండ్రి" అన్నాడు.

మన జనం సంగతి తెలిసిందే కదా! పొమ్మంటే కదలనివాళ్ళు, ఉండమనేసరికి ఇంట్లో పొయ్యి మీద పాలున్నాయని లేవబోయారు. యమున నాలుగు తిట్లు తిట్టి కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం దాటాక జవాబు వాగు దాటి వచ్చింది. ఫోన్‌లో మజీదా గొంతు పలికింది.

"ఓ మిస్బా వాళ్ళ అబ్బా, ఆడపిల్ల పుట్టింది. ఆశ వర్కరొచ్చి కాన్పు చేసింది. తల్లీ పిల్లా మంచిగున్నరు. నువ్వు నీళ్ళకాడనే నిలవడి ఉంటవని నాకెర్కే. ఎనక్కు జరుగు."

నిజమే. అతను ఎప్పుడో తాడు దాటి నీళ్ళ అంచుకు వచ్చేశాడు. ఆమె ఎదురుగా ఉన్నట్టే తలూపి, వెనక్కు జరిగి, బురదలో కూలబడి ఏడ్చేశాడు.