సుజాతకు చెప్పని మార్కులు

ఆరేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా ఈ ఒక్కటీ వదిలేసి మిగతా తప్పులన్నీ చెప్పుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీతో చెప్పగలుగుతున్నాను.

మెదక్‌లో వినికిడి లేని పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అలాంటి టీచర్లందరికీ ఒక అంతర్జాతీయ సంఘం ఉంది. ఆరేళ్ల కిందట దాని అధ్యక్ష పదవికి తగిన మనిషిని ఎంపిక చేసే కమిటీలో ఐదు దేశాల నుంచి ఐదుగురం ఉన్నాం. అంతకుముందు ఎంపికలు లోపల్లోపలే జరిగిపోయాయని పెద్ద గొడవైంది. అందుకని ఎవరికెన్ని మార్కులు వచ్చాయో, ఎందుకొచ్చాయో సభ్యులందరికీ తెలపాలని ఆ ఏడాదే కొత్త నియమం పెట్టారు.

పోటీలో ముగ్గురు. ఒకరు మా మెదక్ దగ్గరి పాపన్నపేట అమ్మాయి. సుజాత అంటాను, అసలు పేరు కాదు. చిన్నతనంలో జ్వరమొచ్చి వినికిడి పోయింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. తన గొంతు కాస్త బిగ్గరగా వస్తుంది, అంతే. తనూ టీచరే, పని నా దగ్గరే నేర్చుకుంది. ఆ సంగతి కమిటీకి ముందే చెప్పాను. ఫర్వాలేదన్నారు.

ఇంటర్వ్యూలు కంప్యూటర్‌లో జరిగాయి. మార్కులు కలిపితే సుజాతే మొదట. నేనిచ్చినవి తీసేసినా ఆమే మొదట.

మర్నాడు కమిటీ పెద్ద ఫోన్ చేశాడు. వినపడని మనిషి అన్ని దేశాల వాళ్లతో సభలెలా నడుపుతుందన్నాడు. రెండో స్థానంలో ఉన్నాయన్ని తీసుకుందామన్నాడు. మార్కులు బయటపెట్టకుండా, అందరం ఒక్కమాట మీద ఎంపిక చేశామని రాద్దామన్నాడు. మిగతా ముగ్గురూ సరేనన్నారట. ఆ మాటకు అందరికంటే ముందు మండిపడాల్సింది నేను. పడలేదు. సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టాను? మా వైపు పిల్లను వెనకేసుకొస్తోందంటారని భయపడ్డాననుకున్నాను చాలాకాలం. అది సగం నిజం. సుద్దముక్క పట్టడం నేను నేర్పిన పిల్ల, నేను కలలో కూడా అనుకోని కుర్చీలో కూర్చోబోతుంటే నాలో ఏదో ముడుచుకుంది. దానికి అసూయ అని పేరు పెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఫలితం తెలిసిన వారానికి సుజాత షేర్ ఆటోలో మా ఇంటికి వచ్చింది. సంచిలో సీతాఫలాలు తెచ్చింది.

"మేడమ్, నాకేం తక్కువ పడ్డది? చెప్పుండ్రి, నేర్చుకుంట."

టీ పెట్టే నెపంతో పొయ్యి వైపు తిరిగాను. అటు తిరిగే ఏదో అన్నాను.

"జర ఇటు మొహం పెట్టి చెప్పుండ్రి మేడమ్. కనవడ్తలేదు."

తిరగక తప్పలేదు. "మాట స్పష్టంగ లేదన్నరు సుజాతా. గందుకే మార్కులు తగ్గినయ్. నేనేం జేస్త?"

నా పెదాల మీద ఆ అబద్ధాన్ని అక్షరం అక్షరం చదువుకుంది.

"గట్లనా? నా గొంతు బాగుండదని నాక్కూడ ఎరుకనే మేడమ్," అని నవ్వింది.

ఆ తర్వాత ఆమె నలుగురిలో మాట్లాడటం మానేసింది. తన బడిలో తల్లిదండ్రుల సమావేశాల్లో సైగలతోనే సరిపెట్టేది, మిగిలింది పక్క టీచరు చెప్పేది. అంతకుముందు అదే గొంతుతో, సైగలు కలిపి, పిల్లలకు కథలు చెప్పి గదంతా నవ్వించేది. కుర్చీ పోవడం ఒక ఎత్తు. నేను కప్పిపుచ్చుకోవడానికి ఆడిన మాట ఆమె గొంతునే తీసుకుపోయింది. ఇది కమిటీ చేసింది కాదు. నేను చేసింది.

పోయిన నెల ఆ సంఘం మళ్లీ కొత్త అధ్యక్షుణ్ణి వెతకడం మొదలుపెట్టింది. దాచుకున్న మార్కుల కాగితం తీసి, జరిగిందంతా రాసి, సంఘానికి పంపాను. ఇంకా జవాబు లేదు. ఒక నకలు పట్టుకుని సుజాత బడికి వెళ్లాను. ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. నీ గొంతు గురించి ఎవరూ ఏమీ అనలేదని, అది నేను అల్లిందని చెప్పాను.

కాగితం రెండుసార్లు చదివింది. మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"క్లాసుకు టైమైంది మేడమ్," అంది. వెళ్లిపోయింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగే ముఖం లేదు. గేటు దాటి రోడ్డెక్కాను. ఆరేళ్లలో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.