ఆయ్ అనని మనిషి

పెద్దవాళ్ళు ఏం చెప్పినా "ఆయ్" అనడం కోనసీమలో మర్యాద. అర్థమైనా ఆయ్, కాకపోయినా ఆయ్. ఏసుపాదం ఆ మర్యాదలో పుట్టి పెరిగినవాడు. నేలలో నిలువుగా పాతిన ఇనుప గునపం మీద కొబ్బరికాయలు ఒలిచి బతికే మనిషి. రైతు "రేపు రా" అంటే ఆయ్, "రేపు రాకు" అన్నా ఆయ్. అలాంటివాడికి దేవుడు ఏరికోరి జ్ఞానమ్మని కట్టబెట్టాడు.

పెళ్ళిరోజునే తెలిసిపోయింది ఆవిడ సంగతి. లూథరన్ గుడినిండా జనం. "ఇతనికి లోబడి ఉంటావా అమ్మా?" అని అడిగారు పాదిరిగారు. పెళ్ళికూతురు తలెత్తి, "మరి ఆయనేం చేస్తారండి?" అంది. గుడంతా గొల్లుమంది. పాదిరిగారు కళ్ళజోడు సర్దుకుని, "ప్రేమిస్తాడమ్మా" అన్నారు. "అయితే సరేనండి" అంది జ్ఞానమ్మ. ఏసుపాదానికి చెవులు కాలిపోయాయి. భూమి నోరు తెరిస్తే అందులోకి దూకేద్దామనుకున్నాడు పాపం.

ఆ తర్వాత కూడా అంతే. బస్సు కండక్టరుని అడుగుతుంది, రేషన్ డీలరుని అడుగుతుంది, పిల్లలకి సూదిమందు వేయడానికొచ్చిన నర్సమ్మని ఇదెందుకు, అదెందుకు అని నిలబెట్టి అడుగుతుంది. పక్కన నిలబడలేక ఏసుపాదం నాలుగడుగులు అవతలికి జరిగేవాడు.

"ఎందుకే అందరినీ అలా పీక్కుతింటావు? మనకేదో తెలిసినట్టు!"

"తెలీకే కదండీ అడుగుతున్నాను. తెలిస్తే నాకేం పని?"

ఏసుపాదం ఇంకో రెండడుగులు అవతలికి జరిగేవాడు.

ఆవిడలా తయారవడానికి వెనక వాళ్ళమ్మ కథ ఉంది. ఆ తల్లికి మంచి గొంతు. ఆదివారం ఆరాధనలో ఆవిడ పాట ఎత్తుకుంటే రోడ్డున పోయేవాళ్ళు సైకిలు దిగేవారట. ఒకసారి మోకాళ్ళ నొప్పులకి కాంపౌండరు ఒక సీసా ఇచ్చి, "పొద్దున్నా సాయంత్రం" అన్నాడు. ఈవిడ "ఆయ్" అంది. అది పైన రాసుకునే మందు. ఈవిడ ఇంటికొచ్చి తాగేసింది. ప్రాణం దక్కింది గాని గొంతు కాలిపోయింది. మళ్ళీ పాట పాడలేదు. ఆ సీసా తెచ్చిన రోజు జ్ఞానమ్మ గుమ్మంలోనే ఆడుకుంటోంది.

తొంభయ్యారు తుపాను వచ్చినప్పుడు జ్ఞానమ్మ పేరు ఊరంతా మోగింది. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడిపోయి, నూతుల్లో ఉప్పునీళ్ళు చేరిపోయిన రోజులు. జీపులో ఎవరో వచ్చి తెల్లటి మాత్రలు పంచి, "నీళ్ళ కోసం, మరిచిపోకండి" అని చెప్పి కదలబోయారు. అందరూ ఆయ్ అన్నారు. ఎదురింటి పాపాయి అప్పుడే ఒకటి నోట్లో వేసేసుకుంది కూడా. జ్ఞానమ్మ మోకాలి లోతు బురదలో జీపుకి అడ్డం నిలబడి, "ఇది మింగాలాండి, నీళ్ళలో వెయ్యాలాండి? వేస్తే ఎంతసేపాగి తాగాలండి?" అంది. జీపులో పెద్దమనిషి గతుక్కుమన్నాడు. "అయ్యో, మింగకూడదమ్మా! బిందెలో వెయ్యాలి" అని దిగొచ్చాడు. పాపాయి థూ థూ అంటూ ఊసేసింది. అంతమందిలో ఆ మాట అడిగింది తన పెళ్ళామేనని ఏసుపాదానికి మొదటిసారి ఛాతీ కొంచెం ఉబ్బింది. సిగ్గు మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళకి ఏసుపాదం కళ్ళకి పొర కమ్మింది. ముందు కుడికన్ను బాగా మసకబారింది, తర్వాత ఎడమది కొంచెం. ఒకనాడు కాయ అనుకుని చేతినే గునపం మీదికి నొక్కేశాడు. రైతు గుడ్డ కట్టి, "ఇంక చాలు ఏసుపాదం, ఇంటిపట్టున ఉండు" అన్నాడు. దానికీ ఆయ్ అనే అన్నాడు గాని, ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జ్ఞానమ్మ ఆ వారమే రాజమండ్రిలో కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళింది.

పెద్దడాక్టరుగారు దీపం వేసి చాలాసేపు చూసి, "పొర రెండు కళ్ళలోనూ ఉంది. కుడికంటికి ఆపరేషన్ చేద్దాం" అన్నారు. ఏసుపాదం ఆయ్ అని లేవబోయాడు. జ్ఞానమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"పొర రెండిట్లోనూ ఉందన్నారు కదండి. మరి కుడిదే ఎందుకండి?"

వెనక వరసలో వాళ్ళు ఉసూరుమన్నారు. డాక్టరుగారు మాత్రం విసుక్కోలేదు. "ఎడమదాంట్లో నీటికాసులున్నాయమ్మా. అంటే లోపల ఒత్తిడెక్కువ. దాన్నిప్పుడు కదిపితే ఉన్న చూపు కూడా పోవచ్చు. ముందు మందులతో ఒత్తిడి తగ్గాలి" అన్నారు.

బయటికొచ్చి వరండాలో కూర్చున్నాక మొగుడి చేత పాఠం అప్పజెప్పించుకుంది జ్ఞానమ్మ.

"ఏ కన్నన్నారు?"

"కుడిది."

"ఎడమది ఎందుకొద్దన్నారు?"

"అందులో ఏవో నీళ్ళున్నాయంట."

"ఏవో కాదండి, నీటికాసులు. కదిపితే?"

"చూపు పోద్ది. చెప్పానుగా, ఊరుకోవే, అందరూ చూస్తున్నారు!"

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం గుర్తు కోసం కుడికనుబొమ మీద చిన్న ప్లాస్టరు ముక్క అంటించారు. తెల్లారి తలస్నానం చేయించినప్పుడు అది కాస్తా ఊడిపోయింది. ఆయా కొత్త ముక్క చింపి, హడావిడిగా ఎడమకనుబొమ మీద వేలు పెట్టి, "ఈ కన్నే కదండీ, తాతగారూ?" అంది.

"ఆయ్" అన్నాడు ఏసుపాదం.

నోరు తనకి చెప్పకుండానే అనేసింది. ఆయా అంటించేసి వెళ్ళిపోయింది. అప్పుడు గుండెల్లో రాయి పడింది. ఆపరేషన్ గది ముందు బల్ల మీద పచ్చగౌనుతో వరసలో కూర్చున్నాడు. చుట్టాల్ని లోపలికి రానివ్వరు. జ్ఞానమ్మ మెట్ల దగ్గరే ఉండిపోయింది. 'చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి తెలీదా? పెద్దాయన మనసు మార్చుకున్నారేమో. ఆయ్ అనేసి ఇప్పుడు కాదంటే ఏమనుకుంటారు?' అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

కుర్ర డాక్టరొకాయన కంటి పక్క మత్తుసూది ఇస్తూ వరసలో వస్తున్నాడు. "సరేనా అమ్మా?" "ఆయ్." "సరేనా తాతా?" "ఆయ్." ఆయ్‌లు ఒక్కొక్కటే దగ్గరికొస్తున్నాయి. ఏసుపాదానికి అత్తగారు గుర్తొచ్చింది. గుళ్ళో అందరూ పాడుతుంటే పెదాలు మాత్రం కదిలించే ఆ ముసలావిడ. ఎదుట నీడ కదిలింది. సూది వచ్చేసింది.

"ఎడమకన్ను కదా. కదలకండి తాతగారూ. సరేనా?"

ఆయ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏసుపాదం దాన్ని మింగేశాడు. అబ్బ, ఒక్క మాట మింగడం అంత కష్టమా!

"ఎడమదెందుకండి?"

గొంతు తనదేనా అనిపించింది. "ఏంటి?" అన్నాడు డాక్టరు.

"ఎడమదెందుకండి బాబూ? పెద్దడాక్టరుగారు కుడిదన్నారు కదండి. ఎడమదాంట్లో నీటికాసులున్నాయన్నారు. కదిపితే చూపు పోద్దన్నారండి."

సూది ఆగిపోయింది. కాగితాలు తెమ్మని నర్సుతో చెప్పి, చూసి, మళ్ళీ చూసి, ఆ కుర్రాయన సూదిని పళ్ళెంలో పెట్టేశాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. తన చేత్తోనే ప్లాస్టరు తీసి కుడివైపు అంటించి, బల్ల మీద పక్కనే కూర్చున్నాడు. డాక్టరంతటివాడు తన పక్కన, ఒకే బల్ల మీద! "తాతగారూ, మీరడక్కపోయుంటే…" అని ఆగిపోయి, ఏసుపాదం గట్టి చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

తర్వాత ఆయన లేచి వరస మొదటికి వెళ్ళాడు. "అమ్మా, ఏ కన్నో ఈసారి నేను చెప్పను, మీరే చెప్పండి. అడగాల్సిందేదన్నా ఉంటే అడగండి, నేనేమీ అనుకోను" అన్నాడు. ద్రాక్షారామం నుంచొచ్చిన సుబ్బాయమ్మ, "నొప్పెడుతుందా బాబూ?" అంది. పక్కనాయన గుండెకి వాడే మాత్ర మానాలా అన్నాడు. ఇంకొకాయన పీతలెప్పుడు తినొచ్చన్నాడు. డాక్టరు అన్నిటికీ జవాబు చెప్పాడు. మాత్ర సంగతికి మాత్రం, "మంచి మాట గుర్తుచేశారు" అని రాసుకున్నాడు కూడా. ఏసుపాదం నోరు తెరుచుకుని వింటున్నాడు. అడిగితే ఆకాశం విరిగి పడుతుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇంత సులువా? ఈ పని జ్ఞానమ్మ జీవితమంతా ఒక్కత్తే చేసిందా, అందరి నవ్వులూ, తన విసుగూ భరించి?

మధ్యాహ్నం కట్టుతో బయటికొచ్చాక జరిగింది చెప్పాడు. జ్ఞానమ్మ, "మీరే అడిగారా? మీ నోటితోనే?" అని పదిసార్లు అడిగింది. ఆ తర్వాత ఆయాకి ఆయ్ అన్నందుకు మెట్ల మీదే చెడామడా తిట్టిపోసింది. ఏసుపాదం తలొంచుకుని హాయిగా తిట్లు తిన్నాడు.

మర్నాడు పొద్దున్న వరండాలో కట్టు విప్పారు. ముందు వెలుగు, తర్వాత తెల్లగోడ, ఆ తర్వాత ఎదురుగా చేతులు కట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఒక మనిషి. ఎంత స్పష్టంగా ఉంది! ముఖం మీద గీతలు, మెళ్ళో నల్లపూసలు, నుదుటి పైన జుట్టు. ఏసుపాదం అలా చూస్తూ ఉండిపోయాడు.

"జ్ఞానం, నీ జుట్టు ఇంతలా ఎప్పుడు నెరిసిపోయిందే?"

ఊళ్ళో అందరినీ నిలదీసిన జ్ఞానమ్మ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నేళ్ళకి నన్నొక మాట అడిగారు" అంది.