ఫ్రస్టమ్ గీసిన మొనగాడు

ఆ రోజుల్లో డిప్లొమా చేతికొచ్చిన ప్రతివాడూ లోకాన్ని తానే గీసినట్టు నడిచేవాడు. నేనైతే ఇంకో రెండడుగులు ముందే నడిచాను. మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మార్చుకున్న కొత్తలో, బీదర్‌లో మా మేనమామ రేకుల కార్ఖానాలో చేరాను. మామకు మొహమాటం లేదు. "అక్క కొడుకువని కూసోబెట్టి తినిపియ్య. మొదటి పని మంచిగ జేస్తె ఉంటవు, లేకుంటె బస్సెక్కుతవు," అన్నాడు. (బస్సెక్కితే ఊళ్లో నాన్న ఉన్నాడు. ఆయన కంటే మామే నయం.)

మొదటి పని నిర్ణా అనే ఊరి నుంచి వచ్చింది. పిండిగిర్నీ మీద గింజలు పోయడానికి రేకు తొట్టి కావాలట, పైన వెడల్పు, కింద సన్నం. నేను గొంతు సవరించుకుని, "అంటే ఫ్రస్టమ్ అన్నమాట. శంకువు తలను అడ్డంగా కోసేస్తే మిగిలేది," అన్నాను. గిర్నీ ఆసామి బెదిరిపోయి, "గదంత వద్దు, నాకు తొట్టి గావాలె," అన్నాడు. పాత మిస్త్రీ చాచా మాత్రం బీడీ పక్కన పెట్టి, "పేరు మంచిగుంది. గీయి బేటా," అన్నాడు.

గీశాను. పక్కనుంచి చూస్తే తొట్టి ఎలా కనిపిస్తుందో అలాగే: పైన పొడుగు గీత, కింద పొట్టి గీత, అటూ ఇటూ ఏటవాలు గీతలు. చాచా కత్తెర పట్టుకుని, "ఇట్లనే కొయ్యాల్నా? మల్లొక్కసారి సోంచాయించు," అన్నాడు. "చదువుకున్నది నేనా, మీరా?" అన్నాను. (తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.)

చుట్టి చూస్తే తొట్టి మూతి వంకర. అతుకు దగ్గర ముక్కులా పైకి లేచింది, ఎదురుపక్క కుంగింది. ఉన్నదే ఆ ఒక్క పెద్ద రేకు. మామ అన్నానికి ఇంటికెళ్లాడు కాబట్టి సరిపోయింది గానీ, నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. చాచా రేకు విప్పి నేల మీద పరిచాడు. ఏటవాలు గీతలు రెంటినీ సుద్దతో, అవి కలిసేదాకా నేల మీద పొడిగించాడు. కలిసిన చోట మేకు కొట్టి, దారం కట్టి, రేకు మీద రెండు వంపులు తిప్పాడు. "తల కోసేస్తె మిగిలిందన్నవు గద. కోసిన తల యాడుందో ఎరకుండాలె బేటా," అన్నాడు. ఆ వంపుల వెంట కోసి చుడితే తొట్టి కాస్త చిన్నదైంది గానీ, మూతి గుండ్రంగా కుదిరింది.

మామ వచ్చి చూశాడు. "ఎవరు గీసిండ్రు?" నేను నోరు తెరిచేలోపే చాచా, "బాబే గీసిండు. నేనే జర చిన్నగ కోసిన," అన్నాడు. మామ చాచాను చెడామడా తిట్టాడు. నన్ను ఉంచుకున్నాడు.

చాచా పోయిన చాలా ఏళ్లకు ధైర్యం చేసి మామకు నిజం చెప్పాను. మామ నవ్వాడు. "నాకు గప్పుడే ఎరుకరా. నీకు గంత గుండ్రంగ గీసుడు యాడొస్తది?"

"మరి ఆయన్నెందుకు తిట్టినవ్ మామా?"

"తిట్టుమని ఆయనే కన్ను గొట్టిండు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజు ఫ్రస్టమ్ గీసిన ఈ మొనగాడు మాత్రం, గండం గడిచిందని, పోయి పావుశేరు జిలేబీ తిన్నాడు. ఒక్కడే.